ఇంటిపేరు ఒకటే, తీరు వేరు

మన తెలుగువాళ్ళు పేరు రాసేటప్పుడు ఇంటిపేరు ముందు రాసి, సొంత పేరు ఆ తర్వాత రాస్తారు. మీ తరగతి హాజరుపట్టీలో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు ముగ్గురు ఉండటం మీరు గమనించే ఉంటారు. ఇంటిపేరు ఒకటి కనుక వాళ్ళు చుట్టాలైనా కావచ్చు. అంతమాత్రం చేత ఒకరికి వచ్చిన మార్కులు ఇంకొకరికి వేస్తే ఊరుకుంటారా? ఒకరు చేసిన అల్లరికి మరొకరిని బెంచీ ఎక్కిస్తే ఒప్పుకుంటారా?

జీవశాస్త్రంలో ప్రతి ప్రాణికీ ఇలాంటి రెండు పదాల పేరే ఉంటుంది. మొదటి పదం ప్రజాతిది, అంటే ఇంటిపేరు వంటిది. రెండో పదం జాతిది, అంటే సొంత పేరు వంటిది. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో ఈ పద్ధతిని జంతువులన్నిటికీ వర్తింపజేశాడు. మీ పాఠంలో దీనినే ద్వినామీకరణం అంటారు.

'ద్వినామీకరణము అనగానేమి?' అన్న ప్రశ్నకు జవాబు బట్టీపట్టి, పరీక్ష రాసి, మర్నాడే మరచిపోయేవాళ్ళు మీలో ఎంతమంది? 'నోరు తిరగని ఈ లాటిన్ పేర్లతో మాకేం పని?' అని విసుక్కునేవాళ్ళు ఎంతమంది? ఆ విసుగు సరికాదని నా అభిప్రాయం. ఆ రెండు పదాల్లో రైతు పంటా, రైతు డబ్బూ, రైతు ఆరోగ్యమూ ఇమిడి ఉన్నాయి. ఇందుకు సాక్ష్యంగా మన పొలాల్లోనే దొరికే రెండు పురుగులను మీ ముందుకు పిలుస్తాను.

సాక్షులు ఇద్దరు

మొదటి సాక్షి పొగాకు లద్దె పురుగు. దీని శాస్త్రీయ నామం స్పోడోప్టెరా లిట్యూరా. ఇది ఆసియా ఖండంలో ఎప్పటినుంచో ఉన్న పురుగు. లిన్నేయస్ శిష్యుడైన ఫాబ్రీషియస్ 1775లో దీనికి 'లిట్యూరా' అన్న పేరు పెట్టాడు. తెలుగులో పొగాకు పేరు తగిలించుకున్నా ఇది పొగాకు ఒక్కదానితో సరిపెట్టుకోదు. ఆముదం, వేరుశనగ, పత్తి, మిరప, మినుము, సోయాచిక్కుడు, క్యాబేజీ - ఇలా నూరుకు పైగా మొక్కలను తింటుంది. వెడల్పాటి ఆకులున్న మొక్కలంటే దీనికి మక్కువ ఎక్కువ.

రెండో సాక్షి కత్తెర పురుగు. దీని శాస్త్రీయ నామం స్పోడోప్టెరా ఫ్రూజీపెర్డా. ఇంటిపేరు అదే, గమనించారా? ఇది అమెరికా ఖండాలకు చెందినది. అక్కడి జార్జియా ప్రాంతంలో జాన్ ఆబట్ అనే చిత్రకారుడు కీటకాల బొమ్మలు వేస్తూ దీని బొమ్మ కూడా వేశాడు. ఆ బొమ్మలతో 1797లో ఇంగ్లండులో ఒక గ్రంథం వెలువడింది. అందులో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి నామకరణం చేశాడు. 'ఫ్రూజీపెర్డా' అంటే లాటిన్ భాషలో 'ఫలసాయాన్ని పోగొట్టేది' అని అర్థం. ఇది ముఖ్యంగా గడ్డిజాతి పంటలను ఆశిస్తుంది. మొక్కజొన్న అంటే మరీ ఇష్టం. జొన్న, చెరకు కూడా దీని బారిన పడతాయి.

ఆ పేరు పెట్టాక రెండు వందల ఏళ్ళకు పైగా కత్తెర పురుగు అమెరికా ఖండాలు దాటినట్లు కనిపించలేదు. 2016లో పశ్చిమాఫ్రికాలో కనబడింది. రెండేళ్ళు తిరిగేసరికి సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో చాలా భాగం ఆక్రమించింది. అదుపు చేయకపోతే 12 ఆఫ్రికా దేశాల్లోనే ఏడాదికి 83 లక్షల నుంచి 2 కోట్ల 6 లక్షల టన్నుల మొక్కజొన్న పోతుందని 2017లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. 2018 మే నెలలో ఈ పురుగు మన దేశంలో, కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్న చేలల్లో కనిపించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పొలాలకు చేరింది. 2019లో చైనాకు, 2020లో ఆస్ట్రేలియాకు పాకింది. దీని రెక్కల పురుగు, అంటే చిలక, గాలివాలు కలిసివస్తే ఒక్క రాత్రిలోనే 100 కిలోమీటర్ల దాకా పోగలదు. ఇక సరిహద్దులు దానికేం లెక్క?

ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి?

ముందు పోలికలు చూద్దాం. రెండింటి చిలకలూ రాత్రిపూట తిరుగుతాయి. రెండూ బూడిద, గోధుమ వన్నెలు కలిసిన రెక్కలతో దూరం నుంచి ఒకేలా ఉంటాయి. రెండూ గుడ్లను ఒక్కొక్కటిగా కాక, వందలకొద్దీ గుంపుగా పెడతాయి. తల్లి తన ఒంటి మీది నూగును రాల్చి ఆ గుడ్ల మీద దుప్పటిలా కప్పుతుంది. గుడ్డు పగిలాక వచ్చే లార్వా సాధారణంగా ఆరు దశలు పెరిగి, మట్టిలోకి దిగి ప్యూపాగా మారుతుంది. వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి చిలక దాకా మొత్తం కథ సుమారు నెలరోజుల్లో ముగుస్తుంది. బాగా ఎదిగిన లార్వా 3 నుంచి 4 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఇవన్నీ ఇంటిపేరు చెప్పే సంగతులు.

ఇక తేడాలు. లార్వా రంగును మాత్రం నమ్మకండి. రెండింటిలోనూ పచ్చనివి, గోధుమరంగువి, నల్లగా ఉండేవి కనిపిస్తాయి. చేతి భూతద్దం పట్టుకొని గుర్తులు చూడండి. కత్తెర పురుగు తల మీద తెల్లటి గీత ఒకటి, పంగలకర్రను తలకిందులు చేసి పెట్టినట్టు స్పష్టంగా ఉంటుంది. అయితే అలాంటి సన్నని అతుకు గీత గొంగళి పురుగులలో చాలావాటికి కొంత కనిపిస్తుంది. కాబట్టి ఒక్క గుర్తుతో తీర్పు చెప్పవద్దు, తోక వైపు కూడా చూడండి. చివరి నుంచి రెండో మూడో కణుపు మీద నాలుగు నల్ల చుక్కలు చతురస్రం నాలుగు మూలలూ పెట్టినట్టు ఉంటే అది కత్తెర పురుగు. లద్దె పురుగుకు ఆ చతురస్రం ఉండదు. దాని వీపు పొడవునా పసుపుపచ్చని గీతలు, వాటి పక్కన నెలవంకల్లా జంటజంటలుగా నల్లమచ్చలు ఉంటాయి.

అలవాట్లు చూడండి. లద్దె పురుగు పిల్లలు పుట్టిన చోటే గుంపుగా చేరి ఆకులోని పచ్చదనాన్ని గోకి తింటాయి. ఈనెలు మాత్రం మిగిలి ఆకు జల్లెడలా తయారవుతుంది. పెద్దవయ్యాక పగలు మట్టిపెళ్ళల కింద, నేల పగుళ్ళలో దాక్కొని, చీకటి పడ్డాక మొక్క ఎక్కి తింటాయి.

కత్తెర పురుగు పిల్లలు మొదట ఆకు మీద పచ్చదనాన్ని గీకి తింటాయి. అక్కడ కాగితం అతికించినట్టు తెల్లని పొర మిగులుతుంది. ఆ తర్వాత అవి మొక్కజొన్న సుడిలోకి, అంటే కొత్త ఆకులు చుట్టచుట్టుకొని ఉండే నడిమి భాగంలోకి దూరిపోతాయి. లోపల కూర్చొని తింటూ, రంపపు పొట్టులాంటి విసర్జనతో పైన మూత వేసుకుంటాయి. ఆ ఆకు విచ్చుకున్నాక దానిమీద అడ్డంగా వరుసగా రంధ్రాలు కనిపిస్తాయి. ఇంకో సంగతి. ఇవి కాస్త పెద్దవైతే ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే గుంపుగా పుట్టినా, సుడిలో చివరకు ఒకటో రెండో పెద్ద పురుగులే మిగులుతాయి.

ఈ రెండు పురుగులను చూసి మనం తికమకపడతాం గానీ అవి తికమకపడవు. ఆడచిలక రాత్రివేళ తన వాసనను గాలిలోకి వదులుతుంది. ఆ వాసనలోని రసాయనాల కలయిక లద్దె పురుగుకు వేరు, కత్తెర పురుగుకు వేరు. మగచిలక తన జాతి వాసన వచ్చిన వైపే పోతుంది. చీకట్లో, ఏ భూతద్దమూ లేకుండా అవి చేసుకుంటున్న ఈ గుర్తింపును పట్టపగలు మనం చేయలేకపోతే ఎలా?

'పురుగు పురుగే కదా?'

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. 'ఏ పురుగైతేనేం, పంట తినేదే కదా? మందు కొడితే రెండూ చస్తాయి. పేర్ల గొడవ మాకెందుకు?' అని చాలామంది అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఇందులో కొంత నిజం ఉంది. ఒకే రసాయన మందు రెండు పురుగులనూ చంపిన సందర్భాలు ఉన్నాయి. కానీ మందు పురుగును చంపాలంటే ముందు పురుగును చేరాలి. అక్కడే వస్తుంది చిక్కు.

మిట్టమధ్యాహ్నం వేరుశనగ చేను మీద మందు చల్లారనుకోండి. పెద్ద లద్దె పురుగులు అప్పుడు ఆకు మీద ఉండవు, మట్టిలో హాయిగా నిద్రపోతూ ఉంటాయి. వాటి కోసం సాయంకాలం చల్లాలి. అలాగే మొక్కజొన్న ఆకుల మీద పైపైన చల్లారనుకోండి. కత్తెర పురుగు సుడి లోపల మూత వేసుకొని కూర్చుంటుంది. దానికోసం పురుగు చిన్నదిగా ఉన్నప్పుడే, మందు సరిగ్గా సుడిలో పడేటట్టు చూడాలి.

తవుడు, బెల్లం, మందు కలిపి చేసే విషపు ఎరనే తీసుకోండి. రెండు పురుగులకూ ఇలాంటి ఎరనే వాడతారు. కానీ లద్దె పురుగుకైతే సాయంత్రంవేళ మొక్కల మొదళ్ళ దగ్గర నేల మీద చల్లుతారు, కత్తెర పురుగుకైతే సుడిలో వేస్తారు. చోటు మారితే తవుడూ దండగే, బెల్లమూ దండగే.

మందు లేని ఉపాయాలలో ఈ తేడా ఇంకా ఎక్కువ. పొగాకు నారుమళ్ళ చుట్టూ, వేరుశనగ చేల గట్ల మీద ఆముదం మొక్కలు వేయడం మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతి. లద్దె పురుగు తల్లి ఆముదపు ఆకు మీద గుడ్లు పెడుతుంది. గుడ్ల గుంపు ఉన్న ఆ ఆకును తుంచి నాశనం చేస్తే వందల పురుగులు ఒక్కసారిగా పోతాయి. మొక్కజొన్న చేను చుట్టూ ఆముదం వేసి కత్తెర పురుగు కోసం ఎదురుచూస్తే అంత మేలు జరగదు. దానికి ఎర పంటగా శాస్త్రజ్ఞులు సూచించేది నేపియర్ గడ్డి. లింగాకర్షక బుట్టలూ ఇంతే. ఆడచిలక వాసనను పోలిన ఎరను బుట్టలో పెట్టి మగచిలకలను పట్టడం ఈ పద్ధతి. లద్దె పురుగు ఎర పెట్టిన బుట్ట ఖాళీగా ఉందని 'మా మొక్కజొన్నలో పురుగు లేదు' అనుకున్న రైతు మోసపోతాడు. ఆ ఎర కత్తెర పురుగుకు పిలుపే కాదు!

పేరు తెలియకుండా మందు కొట్టడంలో అన్నిటికన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. మొదటిసారి చల్లిన మందు తగలవలసిన చోట తగలదు. పురుగు చావదు. రైతు మళ్ళీ కొంటాడు, మళ్ళీ చల్లుతాడు, ఇంకా ఘాటు మందు కోసం అప్పు చేస్తాడు. మందుకు తట్టుకున్న పురుగులు బతికి, పిల్లల్ని పెట్టి, ఆ శక్తిని వాటికి అందిస్తాయి. 1990లలో ఆంధ్రప్రదేశ్ పొలాల్లోని లద్దె పురుగులను పరీక్షించినప్పుడు, వాడుకలో ఉన్న అనేక మందులకు అవి లొంగని శక్తి సంపాదించాయని తేలింది. ఆ మందుల ఖరీదు పెట్టింది ఎవరు? ఆ గాలి పీల్చింది ఎవరు? చల్లిన రైతూ, పక్కన పనిచేసిన కూలీలూ కాదా?

చుట్టరికం కూడా పనికొస్తుంది

ఇంతవరకూ తేడాల గురించి చెప్పాను కనుక పోలికలు పనికిరానివని అనుకోకండి. ఇంటిపేరుకు కూడా విలువ ఉంది. అందుకు ఒక చక్కని ఉదాహరణ చెబుతాను.

టెలినోమస్ రీమస్ అని ఒక బుల్లి కందిరీగ జాతి ఉంది. బుల్లి అంటే ఎంతో తెలుసా? మిల్లీమీటరు కూడా ఉండదు. ఇది మనల్ని కుట్టదు. స్పోడోప్టెరా ప్రజాతి పురుగుల గుడ్లను వెతికి, ఒక్కొక్క గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి లార్వా బదులు కందిరీగ బయటికి వస్తుంది. 1963లో లద్దె పురుగు కోసం దీన్ని న్యూగినీ నుంచి మన దేశానికి తెప్పించారు. తర్వాతి కాలంలో దక్షిణ అమెరికాలోని వెనిజులాలో ఇదే కందిరీగను మొక్కజొన్న చేలల్లో కత్తెర పురుగు గుడ్ల మీదికి పెద్ద ఎత్తున వదిలారు. ఎక్కడో ఆసియాలోని పురుగుకు శత్రువైనది అమెరికాలోని పురుగు మీద పనిచేస్తుందని ఊహించడానికి ఆధారం ఏమిటి? ఆ రెండింటి ఇంటిపేరే!

కథ అక్కడితో ఆగలేదు. 2018లో కత్తెర పురుగు మన దేశంలో అడుగుపెట్టాక శాస్త్రజ్ఞులు దాని గుడ్లను ఏరి పరిశీలించారు. వాటిలో కూడా టెలినోమస్ కందిరీగలు కనిపించాయి. కొత్తగా వచ్చిన చుట్టాన్ని పాత శత్రువు ఇట్టే పసిగట్టిందన్నమాట. కనబడ్డ ప్రతి పురుగు మీదా మందు చల్లే రైతు ఈ కందిరీగలను కూడా చంపుతున్నాడు. అవి తన కోసం కూలి లేకుండా పనిచేస్తున్నాయని అతనికి ఎవరు చెప్పాలి?

కాబట్టి మొదటి పదం పోలిక చెబుతుంది, రెండో పదం తేడా చెబుతుంది. ఏ ఒక్కటి వదిలినా సగం జ్ఞానమే. సగం జ్ఞానంతో వైద్యం చేస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

బడి చేయవలసిన పని

ఈ పాఠాన్ని ఇప్పుడు నేర్పుతున్న తీరు మారాలని నా అభిప్రాయం. నిర్వచనానికి మార్కులు వేసినంత కాలం విద్యార్థి నిర్వచనమే నేర్చుకుంటాడు. దానికి బదులు ఉపాధ్యాయులు ఒక జల్లెడపడ్డ ఆముదపు ఆకునూ, ఒక తినేసిన మొక్కజొన్న సుడినీ తరగతికి తెచ్చి, 'ఇది ఎవరి పని? ఎలా చెప్పగలవు?' అని అడిగితే ఎంత బాగుంటుంది! కావలసింది ఒక చేతి భూతద్దం, ఒక గాజుసీసా, ఒక నోటుపుస్తకం. పెద్ద ప్రయోగశాల అక్కరలేదు.

ప్రతి పల్లెటూరి బడిలోనూ ఆ ఊరి పురుగుల పుస్తకం ఒకటి ఉండాలి. ఏ నెలలో, ఏ పైరు మీద, ఏ పురుగు కనిపించింది, దాని గుర్తులేమిటి, ఊళ్ళో దాన్ని ఏమని పిలుస్తారు - ఇవి విద్యార్థులే రాయాలి, బొమ్మలు వేయాలి. పై తరగతికి పోయేవాళ్ళు ఆ పుస్తకాన్ని కింది తరగతివాళ్ళకు అప్పగించాలి. సందేహం వస్తే దగ్గరలోని వ్యవసాయ అధికారికో, కృషి విజ్ఞాన కేంద్రానికో చూపించి పేరు తెలుసుకోవాలి.

'ఇదంతా శాస్త్రజ్ఞుల పని, పిల్లల పని కాదు' అంటారేమో. శివమొగ్గలో జరిగినదాన్ని గుర్తుచేసుకోండి. అక్కడి శాస్త్రజ్ఞులు పురుగు ఒంటి మీది గుర్తులు పరిశీలించి, డి.ఎన్.ఏ. పరీక్షతో కూడా నిర్ధారించుకొని, ఇది కొత్త పురుగు అని ప్రకటించారు. కానీ శాస్త్రజ్ఞులు ప్రతి ఊళ్ళోనూ, ప్రతి చేలోనూ ఉండలేరు. మీరు ఉంటారు. ఊరికి కొత్తవాడు వచ్చాడని ఎవరు గుర్తుపడతారు? ఊళ్ళోవాళ్ళందరినీ పేరుపేరునా ఎరిగినవాడే కదా! లద్దె పురుగును బాగా ఎరిగిన విద్యార్థి, దాని పోలికతోనే ఉండి తోక దగ్గర నాలుగు చుక్కలున్న పురుగును చూసిన మరుక్షణం 'ఇది మనది కాదే!' అని ఆగుతాడు. ఆ ఆగడమే విజ్ఞానానికి మొదలు. కత్తెర పురుగు వచ్చినట్టే రేపు మరొకటి రావచ్చు. దాన్ని మొదటివారంలో పట్టుకుంటే ఒక చేనుతో పోవచ్చు, మొదటి ఏడాది గడిచాక పట్టుకుంటే జిల్లా అంతా పాకి ఉంటుంది.

అందుచేత విద్యార్థులారా, ఈ వానాకాలం మీ ఊరి చేల వైపు వెళ్ళినప్పుడు ఆముదపు ఆకు కిందా, మొక్కజొన్న సుడిలోనూ ఒకసారి తొంగిచూడండి. మందు చల్లిన చేలోకి మాత్రం వెళ్ళకండి. ఒళ్ళంతా గుచ్చుకునే వెంట్రుకలున్న గొంగళ్ళను చేత్తో ముట్టుకోకండి. చూసింది చూసినట్టు రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు మందు కోసం దుకాణానికి బయలుదేరితే, 'ఏ పురుగుకు?' అని ఒక్క ప్రశ్న అడగండి. ముందు పేరు, ఆ తర్వాతే మందు. ద్వినామీకరణం పాఠంలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు రావలసిన జవాబు ఇదే.